నయినాతీవు యాత్ర: నాగదీప విహారం, నాగపూషణి అమ్మవారి గుడి ఒకే రోజులో తృప్తిగా చూసి రావడం ఎలా

శ్రీలంక వెళ్లొచ్చిన దగ్గర్నుంచి నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఈ చిన్న దీవి గురించే. ఎలా వెళ్లాలి, ఎంతసేపు పడుతుంది, పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా, గుడికి ఏం కట్టుకోవాలి అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. స్థలపురాణం జోలికి పోను, అది ఎక్కడైనా దొరుకుతుంది.

శ్రీలంక ఉత్తర కొసన జాఫ్నా పట్టణం దగ్గరున్న ఈ దీవి చాలా చిన్నది, నాలుగు చదరపు కిలోమీటర్ల పైన కొంచెం. దాని మీద హిందువులకి నాగపూషణి అమ్మన్ కోవిల్, బౌద్ధులకి నాగదీప పురాణ విహారం పది పదిహేను నిమిషాల నడక దూరంలో ఉన్నాయి. అయినా అమ్మవారి గుడికి వచ్చినవాళ్లు విహారం చూడకుండా, విహారానికి వచ్చినవాళ్లు గుడి చూడకుండా పడవెక్కి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. కింద రాసిన వరస పాటిస్తే రెండూ తొందర లేకుండా చూడొచ్చు.

## 1. ముందు పేర్లు సరిచూసుకోండి

ఒకే దీవికి రెండు పేర్లు. తమిళులు నయినాతీవు అంటారు, సింహళీయులు నాగదీప అంటారు. బస్సులో, జెట్టీలో తమిళంవాళ్లని అడిగేటప్పుడు నయినాతీవు అనండి. దక్షిణం నుంచి వచ్చిన సింహళ యాత్రికులని అడిగితే నాగదీప అనండి, వెంటనే చెప్తారు.

మన తెలుగువాళ్లు ఎక్కువగా పొరబడే విషయం ఇంకొకటి ఉంది. అష్టాదశ శక్తిపీఠాల స్తోత్రంలో మొదట వచ్చే లంక శాంకరీదేవి ఇక్కడ కాదు, ఆ అమ్మవారి స్థానం తూర్పు తీరంలో త్రికోణమలై. జాఫ్నా నుంచి అక్కడికి రోడ్డు మీద రెండొందల కిలోమీటర్ల పైనే. నాగపూషణి అమ్మవారిది శక్తిపీఠాల పెద్ద జాబితాలో వచ్చే పేరు, సతీదేవి కాలి అందెలు పడిన చోటుగా ఇక్కడివాళ్లు కొలుస్తారు. పద్దెనిమిది పీఠాలూ పూర్తి చేయాలన్న సంకల్పంతో బయల్దేరినవాళ్లు త్రికోణమలైకి ఇంకో రోజు విడిగా పెట్టుకోవాలి. రెండూ ఒక్క రోజులో అవుతాయని ఏజెంటు చెప్తే ఒప్పుకోకండి.

బౌద్ధులకి ఇది సోలోస్మస్థానాల్లో ఒకటి, అంటే బుద్ధుడు శ్రీలంకలో అడుగుపెట్టినట్టు చెప్పే 16 పవిత్ర స్థలాల్లో ఒకటి. ఇద్దరు నాగరాజులు ఒక సింహాసనం కోసం యుద్ధానికి దిగితే బుద్ధుడు వచ్చి సర్దిచెప్పాడని శ్రీలంక పాత చరిత్ర గ్రంథం మహావంశంలో ఉంది. ఈ మాట ముందే తెలిసి ఉంటే విహారంలో గోడమీది బొమ్మలు వాటంతట అవే అర్థమవుతాయి.

## 2. ఏ రోజు వెళ్లాలి

దర్శనం ప్రశాంతంగా కావాలంటే మామూలు వారం మధ్య రోజు, పొద్దున్నే. నా సలహా అదే.

పౌర్ణమి రోజు శ్రీలంకలో పోయ, ప్రభుత్వ సెలవు. ఆ రోజు దక్షిణం నుంచి బస్సులకి బస్సులే దిగుతాయి, పడవ కోసం ఎండలో వరసలో నిలబడాలి. మేలో వెసాక్, జూన్‌లో పొసొన్ పౌర్ణములైతే మరీను. శని ఆదివారాలు కూడా రద్దీయే. శుక్రవారం అమ్మవారి గుడిలో జనం ఎక్కువ.

ఆషాఢం దగ్గర, అంటే జూన్ జులైల్లో అమ్మవారి గుడి ఉత్సవాలు 16 రోజులు జరుగుతాయి. తేరు చూడాలనుకుంటే అప్పుడే వెళ్లాలి, అయితే ఆ రోజుల్లో విహారం కూడా తీరిగ్గా చూద్దామన్న ఆశ వదులుకోండి. గుంపులో నిలబడలేని పెద్దవాళ్లని తీసుకెళ్లకండి.

వాతావరణం సంగతికొస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జాఫ్నా వైపు వానలు, గాలివాన ఉంటే పడవలు ఆగిపోవచ్చు. మే నుంచి సెప్టెంబరు దాకా గాలి బాగా వీస్తుంది, పడవ ఊగుతుంది. జనవరి నుంచి మార్చి సగం దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్ ఎండ సంగతి విజయవాడవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, దానికి ఉప్పుగాలి కలిపి ఊహించుకోండి.

## 3. ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సినవి

అనుమతి. మనకి పాస్‌పోర్టుతో పాటు ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి కావాలి. శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే అప్లై చేయండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి, అవి పైన ఇంకాస్త వడ్డించి వసూలు చేస్తాయి. రుసుము నియమాలు తరచూ మారుతున్నాయి కాబట్టి టికెట్ కొనేముందు ఒకసారి, బయల్దేరే వారం ముందు ఇంకోసారి చూసుకోండి.

జాఫ్నా చేరడం. మూడు దారులు.

- చెన్నై నుంచి జాఫ్నాకి నేరుగా విమానం. హైదరాబాద్, విజయవాడ, తిరుపతి నుంచి వచ్చేవాళ్లకి ఇదే సుఖం. దిగేది పలాలిలో, చిన్న ఎయిర్‌పోర్టు. సామాను పరిమితి టికెట్ మీద చదువుకోండి.
- తమిళనాడు నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి రేవు కాంకేసంతురైకి ఓడ. 2023 అక్టోబరులో మొదలైంది, నడుమ ఆగి 2024లో మళ్లీ నడిచింది. ప్రయాణం నాలుగు గంటల చిల్లర. వాతావరణాన్ని బట్టి ఆపేస్తుంటారు, అందుకని తిరుగు ప్రయాణానికి దీన్నే నమ్ముకుని మర్నాటి ఆఫీసుకి మాటివ్వకండి.
- కొలంబో వెళ్లి అక్కడి నుంచి జాఫ్నాకి రైలు లేదా రాత్రి బస్సు. దాదాపు నాలుగొందల కిలోమీటర్లు. కొలంబోలో వేరే పని ఉన్నవాళ్లకి, అనురాధపురం కూడా చూసేవాళ్లకి ఇదే దారి.

బస. రాత్రి జాఫ్నాలో ఉండండి. దీవి మీద యాత్రికుల సత్రాల్లాంటివి ఉన్నాయి గానీ మనలా దూరం నుంచి వచ్చేవాళ్లు వాటి మీద ఆధారపడటం మంచిది కాదు. ముందురోజు సాయంత్రానికే జాఫ్నా చేరి, తొందరగా పడుకుని, తెల్లవారుజామున లేవడం ఈ యాత్రలో సగం పని.

డబ్బు. మన రూపాయికి శ్రీలంక రూపాయలు మూడు పైచిలుకు వస్తాయి. జాఫ్నాలోనే చిల్లర చేయించుకోండి. పడవకీ అర్చనకీ పూలకీ ఆటోకీ అన్నిటికీ చిన్న నోట్లే కావాలి. దీవి మీద కార్డు, ఏటీఎం అని ఎదురుచూడొద్దు.

## 4. బట్టలు, సంచి

రెండు చోట్లా సరిపోయేలా ఒకే జత వేసుకోవాలి. మధ్యలో మార్చుకోవడానికి చోటు వెతుక్కోవడం పెద్ద తలనొప్పి.

మగవాళ్లు పంచె, చొక్కా, ఒక కండువా. విహారంలో చొక్కా ఉండాలి, గుడిలో చొక్కా తీసేయాలి. కేరళ గుళ్లకి వెళ్లినవాళ్లకి ఇది అలవాటే. బనియన్ కూడా తీసేయాలి. ప్యాంటుతో వెళ్లినా పంపిస్తారు గానీ మోకాళ్ల పైకి ఉండే నిక్కర్లు రెండు చోట్లా తప్పే.

ఆడవాళ్లు చీర, చుడీదార్, లంగా ఓణీ ఏదైనా సరే, భుజాలూ మోకాళ్లూ కప్పి ఉండాలి. విహారానికి వచ్చే సింహళీయులంతా తెల్లబట్టల్లో వస్తారు. మనకి ఆ నియమం లేదు, అయినా లేతరంగు కట్టుకుంటే ఆ గుంపులో కలిసిపోయినట్టు ఉంటుంది. ఎండకీ అదే మంచిది.

సంచిలో ఉండాల్సినవి:

- పాస్‌పోర్టు, ఈటీఏ ప్రింటు. జెట్టీల దగ్గర నేవీవాళ్లు ఉంటారు, అడిగితే చూపించేలా ఉండాలి
- మనిషికి ఒకటిన్నర లీటరు మంచినీళ్లు. ఈ దీవుల్లో బావినీళ్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి
- తేలికగా విప్పే చెప్పులు, వాటిని పెట్టుకోవడానికి ఒక గుడ్డసంచి
- గొడుగు లేదా తువ్వాలు (టోపీ పనికిరాదు, రెండు చోట్లా తీయాల్సిందే)
- వాంతులయ్యేవాళ్లకి మాత్ర, ఒక నిమ్మకాయ
- చిన్న నోట్లు విడిగా ఒక పర్సులో
- ఇంటిల్లిపాదివీ పేర్లూ నక్షత్రాలూ రాసిన కాగితం (ఎందుకో 7లో చెప్తాను)

పెద్ద సూట్‌కేసులు హోటల్లోనే వదిలేయండి. పడవలోకి వాటిని దించడం మీకూ కష్టం, పక్కవాళ్లకీ కష్టం.

## 5. జాఫ్నా నుంచి జెట్టీ దాకా

పడవ ఎక్కేది కురికట్టువాన్ అనే జెట్టీలో. అది పుంగుడుతీవు అనే ఇంకో దీవి చివర ఉంది. జాఫ్నా నుంచి అక్కడిదాకా సముద్రం మీద వేసిన కట్ట రోడ్లున్నాయి కాబట్టి బస్సులోనే వెళ్లొచ్చు.

జాఫ్నా బస్టాండులో 776 నంబరు బస్సు. బోర్డు తమిళం రాకపోయినా నంబరు చూస్తే చాలు. గంటన్నర పడుతుంది. పొద్దున తొలి బస్సుల్లో ఎక్కండి, ఎనిమిది దాటితే నిలబడి వెళ్లాల్సి రావచ్చు.

నలుగురుంటే కారు లేదా వ్యాను మాట్లాడుకోవడం మేలు. మాట్లాడేటప్పుడే రానూపోనూ కలిపి, జెట్టీ దగ్గర ఆరు గంటలు ఆగడంతో సహా అని స్పష్టంగా చెప్పండి. నేను ఆగే మాట ఎత్తలేదు, తిరిగొచ్చాక వెయిటింగ్ చార్జీ అని వాదన పడింది. తప్పు నాదే, ముందు మాట్లాడుకోవాల్సింది.

ఆ కట్ట రోడ్డు మీద రెండు పక్కలా నీళ్లు, ఎక్కడో దూరంగా రొయ్యల వలలు కట్టిన కర్రలు, దాటాక తాటిచెట్లే తాటిచెట్లు. కోనసీమ చివర్ల తిరిగినవాళ్లకి మనసు లాగేస్తుంది. నిద్రపోకండి.

## 6. పడవ ఎక్కడం

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు వేరే పడవ ఎక్కేయడం. నెడుంతీవుకి, అంటే డెల్ఫ్ట్ దీవికి పడవలు కూడా ఇదే జెట్టీ నుంచి వెళ్తాయి. నయినాతీవుకి ఇరవై నిమిషాలు, దానికి గంట. ఎక్కి కూర్చున్నాక తెలిస్తే రోజు పోయినట్టే. వరసలో నిలబడగానే ముందున్నవాళ్లని అడగండి.

పనికొచ్చే మాటలు, అలాగే చదివేయండి, అర్థమవుతుంది:

- నయినాతీవు పడగు ఎంగే? (నయినాతీవు పడవ ఎక్కడ?)
- తిరుంబి వర పడగు ఎంగే? (తిరిగి రావడానికి పడవ ఎక్కడ?)
- కడైసి పడగు ఎత్తనై మణిక్కు? (ఆఖరి పడవ ఎన్నింటికి?)

పడవలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా సుమారు అరగంటకొకటి తిరుగుతుంటాయి. జనం ఎక్కువుంటే ఇంకా వెంటవెంటనే.

నాగార్జునకొండకి తీసుకెళ్లే విశాలమైన లాంచీని ఊహించుకోవద్దు. ఇవి చెక్క పడవలు, కూర్చునేది కిందికి దిగి, పైకప్పు తలకి తగిలేంత తక్కువ ఎత్తు. వంగి నాలుగు మెట్లు దిగాలి, బల్లల మీద ఒకరికొకరు ఆనుకుని కూర్చోవాలి. లోపల ఇంజను వేడి, డీజిల్ వాసన. మా అమ్మకి అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. గట్టుకీ పడవకీ మధ్య సందు అల వచ్చినప్పుడల్లా మూరెడు తెరుచుకుంటోంది, ఆవిడ కాలు పెట్టబోయి వెనక్కి తీసేసింది. పడవ కుర్రాడు చూసి ఒక మోకాలు అంచు మీద ఆన్చి, చేయి కాదు, మోచేయి అందించాడు. మోచేయి పట్టుకుంటే జారదు. తర్వాత నేను కూడా అందరికీ అలాగే అందిస్తున్నాను.

పెద్దవాళ్లుంటే ఇలా చేయండి:

- ముందు మీరు దిగి, తర్వాత వాళ్లని దించండి. వెనక నుంచి తోయడం కాదు
- అల వచ్చి పడవ గట్టుతో సమంగా లేచిన క్షణంలో అడుగు వేయమనండి
- మెట్ల పక్కనే సీటు పట్టండి, గాలి తగులుతుంది, దిగడం తేలిక
- లైఫ్ జాకెట్ ఇస్తే వేసుకోండి, ఇవ్వకపోతే అడగండి. ఉక్కగా ఉందని ఒళ్లో పెట్టుకోకండి

## 7. దీవి మీద వరస: ముందు విహారం, తర్వాత గుడి

దీవికి రెండు రేవులున్నాయి, ఒకటి గుడి ఎదుట, ఒకటి విహారం ఎదుట. పడవ దేని దగ్గర దించుతుందో ఆ రోజుని బట్టి ఉంటుంది.

చాలామంది దిగినచోటు ముందు చూసేస్తారు. నేను మొదటిసారి అదే చేశాను. గుడి ఎదుట దిగాం, చెప్పులు అక్కడే విడిచాం, అమ్మవారి దర్శనం చేసుకుని అదే ఊపులో వట్టికాళ్లతో విహారానికి నడిచాం. పదకొండు దాటింది. ఇసుక, తారు రెండూ పెనంలా కాలుతున్నాయి. విహారం ఆవరణలో స్తూపం చుట్టూ సగం తిరిగి, ఇక కాలు మోపలేక నీడకి పరిగెత్తాం. పైగా తిరుగు పడవ విహారం రేవు నుంచి బయల్దేరుతోంది, చెప్పులేమో గుడి దగ్గర.

అందుకే ఇప్పుడు అడిగినవాళ్లందరికీ చెప్తున్నాను: ఎక్కడ దించినా సరే, ముందు విహారానికి వెళ్లండి. విహారంలో తిరగాల్సింది ఎక్కువగా ఆరుబయట, అది ఎనిమిదింటికి చల్లగా ఉంటుంది. గుడి ప్రాకారాల మీద కప్పుంది, పదకొండింటికి కూడా కాలు కాలదు. పైగా మధ్యాహ్న పూజ, అన్నదానం గుడిలోనే. అమ్మవారి రేవులో దిగి అమ్మవారిని దాటి వెళ్లడం ఎలా అని మా అమ్మలాగే మీ ఇంట్లోనూ అంటారు. రేవులోనే నిలబడి గోపురానికి దండం పెట్టుకుని, వస్తున్నాం తల్లీ అని చెప్పి వెళ్లండి. రెండోసారి మేం అలాగే వెళ్లాం, ఆవిడకీ మనసు కుదుటపడింది.

నడవలేనివాళ్లకి ఆటోలు దొరుకుతాయి. ఎక్కేముందే రేటు అడగండి.

### విహారంలో ఏ క్రమంలో

1. వాకిట్లో చెప్పులు, టోపీ తీయండి. చెప్పులు మీ గుడ్డసంచిలో వేసి చేతనే ఉంచుకోండి లేదా స్టాండులో ఇవ్వండి.
2. బయట తామరపూలు, కలువలు అమ్ముతారు. కొంటే వాసన చూడకండి. మనం కూడా వాసన చూసిన పువ్వు దేవుడికి పెట్టం కదా, వాళ్లదీ అదే పద్ధతి.
3. పూల మీద నీళ్లు చిలకరించి, రెండు చేతులతో పట్టుకుని వెళ్లండి.
4. ముందు వెండిరంగు స్తూపం, తర్వాత బోధివృక్షం, ఆ తర్వాత బుద్ధవిగ్రహం ఉన్న మందిరం. స్థానికులు పాటించే వరస ఇది. ప్రదక్షిణ మనలాగే, కుడి పక్క స్తూపం ఉండేలా.
5. నూనె దీపాలు పెట్టే చోట పెట్టొచ్చు, బోధివృక్షానికి నీళ్లు పోయొచ్చు. పక్కవాళ్లు ఎలా చేస్తున్నారో రెండు నిమిషాలు చూసి మొదలుపెట్టండి.
6. కాసేపు కూర్చోండి. కాళ్లు విగ్రహం వైపు చాపకండి.

గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఫోటోల గురించి. బుద్ధవిగ్రహానికి వీపు చూపించి సెల్ఫీ దిగడం ఇక్కడ మర్యాద తక్కువ మాత్రమే కాదు, పోలీసుల దాకా వెళ్లే విషయం. 2014లో చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందని ఒక బ్రిటన్ పర్యాటకురాలిని ఆ దేశం నుంచి వెనక్కి పంపించేశారు. మీకు అలాంటి పచ్చబొట్టు ఉంటే కప్పుకోండి, బుద్ధుడి బొమ్మ ఉన్న టీషర్టులు ఇంట్లోనే వదిలేయండి. పిల్లలకి కూడా ముందే చెప్పండి.

భిక్షువులు ఎదురైతే రెండు చేతులూ జోడించి నమస్కారం చేయండి చాలు. ఆడవాళ్లు చేతికి చేయి తగిలేలా ఏదీ అందించకూడదు, పళ్లెంలో పెట్టి ఇవ్వాలి.

దీనికి ఒకటిన్నర గంట ఇవ్వండి. తొమ్మిదిన్నర పదికల్లా గుడి వైపు నడక మొదలుపెట్టండి, దారిలో కొబ్బరిబొండం దొరికితే తాగండి.

### గుడిలో ఏ క్రమంలో

తూర్పు రాజగోపురం 108 అడుగుల ఎత్తు, దారి అడగాల్సిన పని ఉండదు. గుడి ముందు కాళ్లు కడుక్కుని, మగవాళ్లు చొక్కా తీసి కండువా నడుముకి కట్టుకోవాలి. లోపల ఫోటోలు తీయకూడదు. ఫోన్ ఆఫ్ చేసి సంచిలో పడేయండి.

1. బయట అంగళ్లలో అర్చన పళ్లెం కొనండి. కొబ్బరికాయ, అరటిపళ్లు, తమలపాకులు, కర్పూరం, పూలు ఉంటాయి. ధర రెండు చోట్ల అడిగి కొనండి.
2. లోపల అర్చన టికెట్ తీసుకోండి. ఎంతమంది పేర్ల మీద చేయించాలో ముందే తేల్చుకోండి.
3. ముందు వినాయకుడు, తర్వాత అమ్మవారు.
4. అర్చన అయ్యాక ప్రాకారం చుట్టూ ప్రదక్షిణ. నాగప్రతిమలకి పూజ చేసేవాళ్లు, పిల్లల కోసం మొక్కుకునేవాళ్లు ఇక్కడ ఎక్కువ.
5. విబూది, కుంకుమ, చందనం కుడిచేత్తో తీసుకోండి. కింద రాల్చకండి, గోడలకి తుడవకండి.

ఇక ఆ కాగితం సంగతి. అర్చకులు తమిళంలో పేరు, నక్షత్రం అడుగుతారు. గోత్రం చెప్పాలని మనవాళ్లు తాపత్రయపడతారు, అక్కడ నక్షత్రమే ముఖ్యం. మా అమ్మ ఆరుద్ర, ఆరుద్ర అని నాలుగుసార్లు చెప్పింది. ఆయన కళ్లు చిట్లించి వింటున్నారు, వెనక వరస పెరుగుతోంది, నాకు టెన్షన్. పక్కనున్న ముసలావిడ ఆకాశం వైపు చేయి చూపించి తిరువాదిరైయా అంది. ఆయన తల ఊపి వెంటనే సంకల్పం మొదలుపెట్టేశారు. అందుకని తేడాగా ఉండే పేర్లన్నీ ఇక్కడ ఇస్తున్నాను, మీవి చూసి రాసుకోండి:

- కృత్తిక: కార్తిగై
- మృగశిర: మిరుగశీరిడం
- ఆరుద్ర: తిరువాదిరై
- పునర్వసు: పునర్పూసం
- పుష్యమి: పూసం
- ఆశ్లేష: ఆయిల్యం
- మఖ: మగం
- పుబ్బ: పూరం
- ఉత్తర: ఉత్తిరం
- హస్త: అత్తం
- అనూరాధ: అనుషం
- జ్యేష్ఠ: కేట్టై
- పూర్వాషాఢ: పూరాడం
- ఉత్తరాషాఢ: ఉత్తిరాడం
- శ్రవణం: తిరువోణం
- ధనిష్ఠ: అవిట్టం
- శతభిషం: శతయం
- పూర్వాభాద్ర: పూరట్టాది
- ఉత్తరాభాద్ర: ఉత్తిరట్టాది

భరణి, రోహిణి, చిత్త, స్వాతి, విశాఖ, మూల, రేవతి లాంటివి మనలా అన్నా అర్థమైపోతాయి.

జాఫ్నా ప్రాంతంలో పుట్టిన బిడ్డని 31వ రోజున ఈ అమ్మవారి దగ్గరికి తీసుకొచ్చే ఆచారం ఉంది. పసిబిడ్డని ఎత్తుకున్న బాలింత కనిపిస్తే పక్కకి జరిగి దారివ్వండి.

## 8. మధ్యాహ్న పూజ, భోజనం

మధ్యాహ్న పూజ దాకా ఉండండి. అక్కడ వాయించే నాదస్వరం, తవిల్ స్పీకర్లో వినేవి కాదు, మీ పక్కనే నిలబడి వాయిస్తారు. పూజ అయ్యాక గర్భగుడి సాయంత్రం దాకా మూసి ఉండొచ్చు, కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకి చేరి దర్శనం కావాలంటే కుదరకపోవచ్చు.

అన్నదానం అముదసురభి మండపంలో. అందరూ కింద వరసలో కూర్చుంటారు. అన్నం, కూరలు, చారు లాంటివి, ఉల్లాసంగా వడ్డిస్తారు. తినగలిగినంతే పెట్టించుకోండి, వదిలేయడం చాలా తప్పుగా చూస్తారు. నేల మీద కూర్చోలేని పెద్దవాళ్లుంటే వడ్డించేవాళ్లకి చెప్పండి. డబ్బు అడగరు. హుండీలో తోచింది వేయండి. దీవిలో మంచినీళ్లకే కరువు, బియ్యం నుంచి కూరగాయల దాకా అంతా పడవ మీద రావాల్సిందేనని గుర్తుంటే ఎంత వేయాలో మీకే తోస్తుంది.

## 9. తిరుగు ప్రయాణం

దిగిన రేవు నుంచే తిరుగు పడవ అనుకోవద్దు. భోజనం నుంచి లేవగానే ఎవరినైనా అడిగి, ఆ రేవుకి నడవండి. రెండింటికల్లా పడవెక్కితే నాలుగున్నరకి జాఫ్నాలో ఉంటారు. సాయంత్రం ఐదు దాటాక పడవ ఉంటుందిలే అని ధీమాగా ఉండకండి. జెట్టీ నుంచి జాఫ్నాకి ఆఖరి బస్సు ఎన్నింటికో కూడా పొద్దున దిగినప్పుడే కండక్టర్ని అడిగి పెట్టుకోండి, చాలామంది పడవ సంగతి చూసుకుని బస్సు సంగతి మరిచిపోతారు.

రేవు దారిలో చిన్న కొట్లు ఉంటాయి. ఒడియల్ అని అమ్ముతారు, ఏంటా అని చూస్తే మన తేగలే, ఎండబెట్టినవి. దాని పిండీ దొరుకుతుంది. పనాట్టు అంటే తాటితాండ్ర. తాటిబెల్లం తాటాకు బుట్టల్లో పెట్టి ఇస్తారు. ఇంటికి తీసుకెళ్లడానికి వీటికి మించినవి లేవు. తాటితాండ్ర మటుకు గాలి తగలకుండా కట్టించుకోండి, నేను తెచ్చింది ఇంటికొచ్చేసరికి మెత్తబడిపోయింది.

## 10. తేడా వస్తే ఏం చేయాలి

పడవలు ఆపేశారు. గాలి తగ్గాక మళ్లీ వేస్తారు, ఒక గంట చూడండి. మత్స్యకారుల పడవ మాట్లాడుకుని వెళ్లే సాహసం చేయకండి. అందుకే జాఫ్నాలో ఒక రోజు అదనంగా పెట్టుకోమంటాను. ఆ రోజు ఖాళీగా పోదు, నల్లూరు కందస్వామి (మన సుబ్రహ్మణ్యస్వామి) గుడి ఉంది.

ఆలస్యంగా చేరారు, పదకొండయింది. అప్పుడు వరస తిప్పేయండి. ముందు గుడి, పూజ, భోజనం. మూడు దాటి ఎండ తగ్గాక విహారం. ఆఖరి పడవ టైము మాత్రం దిగగానే అడగాలి.

గుంపులో తప్పిపోయారు. ఫోను అందకపోవచ్చు. పడవ దిగగానే, తప్పిపోతే రాజగోపురం ముందు కలుద్దాం అని అందరికీ చెప్పేయండి.

పెద్దవాళ్లకి కళ్లు తిరిగాయి. ఎక్కువగా నీళ్లు తక్కువై, ఖాళీ కడుపుతో ఉండటం వల్లే వస్తుంది. దర్శనం అయ్యేదాకా ఏమీ తినను అనే పట్టుదల ఉన్నవాళ్లకి బయల్దేరేముందు కనీసం మజ్జిగ, పండు ఇవ్వండి. నీడలో పడుకోబెట్టి, ఉప్పూ పంచదార కలిపిన నీళ్లు కొంచెం కొంచెంగా తాగించండి. తగ్గకపోతే రేవు దగ్గర నేవీవాళ్లకి చెప్పండి, ఆలస్యం చేయకండి.

చెప్పులు అటుపక్క ఉండిపోయాయి. ఆటో ఎక్కి వెళ్లి తెచ్చుకోండి. నడిచి వెళ్తే మాకు పట్టినట్టే అరికాళ్లకి బొబ్బలు వస్తాయి.